ఒక ఒరలో రెండు కత్తులు

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని పెద్దలు అన్నారు. గత వేసవిలో మా మేనల్లుడు ఈ సామెతకు ఎదురు తిరిగినాడు. వాని తండ్రి, మా బావగారు, తుని దాపున ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో గణితోపాధ్యాయులు. పిల్లవాడు హైదరాబాదులో ఇంజనీరింగు రెండవ సంవత్సరము చదువుచున్నాడు. వానికి ఒక లాప్‌టాపు కావలెను. అది మామూలు లాప్‌టాపు కాదు, ఆటల కోసము చేసిన గేమింగు లాప్‌టాపు. అందులో విండోసు ఒక ప్రక్క, లినక్సు ఒక ప్రక్క ఉండవలెను. మీట నొక్కినప్పుడు ఏది కావలెనో యంత్రము తన్ను అడుగవలెను. ధర తొంభై వేలు.

రాత్రి తొమ్మిది గంటలకు బావగారు ఫోను చేసినారు.

"బావగారూ, వీడు ఆటల యంత్రం కొనిపెట్టమంటాడు. ఎందుకురా అంటే చదువు కోసమే అంటాడు. ఆటా చదువూ ఒక్క పెట్టెలో ఎట్లా ఇముడుతాయో నా లెక్కకు అందటం లేదు. పైగా ఆ రెండోదానికి అమ్మేవాడి పూచీ ఉండదట. మా సొసైటీలో అప్పు పెట్టి తేవాలి. మీరు సరేనంటే సరే, వద్దంటే వద్దు."

నేను ముప్పది యేండ్లు భౌతికశాస్త్రము చెప్పి సికిందరాబాదులో విశ్రాంతి తీసికొనుచున్నవాడను. కంప్యూటరు నాకు వృత్తి కాదు, వ్యసనము. అయినను అప్పు చేసి కొను వస్తువును గురించి ఉబుసుపోక సలహా చెప్పరాదు. వారము గడువు అడిగితిని. ఆ వారములోను, ఆ తరువాతి మూడు నెలలలోను తెలిసికొన్న సంగతులను, అంతకు చాలకాలము ముందు చేతులు కాల్చుకొని నేర్చిన ఒక సంగతిని ఇక్కడ వ్రాయుచున్నాను. మా బావగారి వంటి తండ్రులును, మా మేనల్లుని వంటి విద్యార్థులును ప్రతి ఊరిలోను ఉన్నారు గదా!

ఆటా చదువూ ఒక పెట్టెలో ఇమడవను శంకకు సమాధానము ఫిన్లండు దేశములో ఉన్నది. 1991 జనవరిలో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి ఒకడు ఇంటెల్ 386 చిప్పు గల కంప్యూటరును కొనినాడు. అతని పేరు లీనస్ టోర్వాల్డ్స్, వయస్సు ఇరువదియొక్క సంవత్సరములు. అతడు కోరినది మినిక్సు అను వ్యవస్థ. ఆమ్‌స్టర్‌డాములో ఆచార్యుడైన ఆండ్రూ టానెన్‌బామ్ తన విద్యార్థులకు పాఠము చెప్పుటకై దానిని వ్రాసెను. కంప్యూటరుతో వచ్చినది మాత్రము డాసు. మినిక్సు ఫ్లాపీలు చేతికందుటకు సుమారు ఒక నెల పట్టినది. ఆ నెల రోజులు ఆ విద్యార్థి చేసిన ఘనకార్యమేమనగా, ప్రిన్స్ ఆఫ్ పర్షియా అను ఆట ఆడుట!

పిమ్మట మినిక్సు వచ్చినది. దానితో తృప్తి చెందక అతడు తన సొంత వ్యవస్థను వ్రాయ నారంభించి, ఆ సంవత్సరము ఆగస్టు 25వ తేదీన తోటివారికి ఆ వార్త తెలిపినాడు. సెప్టెంబరులో మొదటి ప్రతి వెలువడినది. అదియే లినక్సు. అప్పటికి ఒకే యంత్రములో రెండు మూడు వ్యవస్థలు కాపురము చేయుచుండెను. ఒకనాడు మోడెముకు పంపవలసిన ఆజ్ఞను పొరపాటున డిస్కుకు పంపి, మినిక్సు ఉన్న భాగమును తన చేతులతో తానే చెరిపివేసికొన్నాడు. దానిని మరల వేసికొనుటకు బదులు తాను వ్రాసినదానినే నమ్ముకొన్నాడు. ఈ కథ చెప్పగా బావగారు, "అయితే ఆటలాడినందుకే వాడు పైకొచ్చాడంటారా?" అన్నారు. అట్లని నేననలేదు. రెండు వ్యవస్థల కాపురములో డిస్కు చెరిగిపోవుట లినక్సు పుట్టినిల్లు నాటినుండి ఉన్న ప్రమాదమని మాత్రము అంటిని.

ఇక 'పూచీ లేదు' అను మాట. కంప్యూటరులోని చిప్పులకు, డిస్కుకు, తెరకు, మనము నడుపు కార్యక్రమములకు నడుమ నిలిచి అందరిచేతను పని చేయించునది ఆపరేటింగు సిస్టము. దానినే నిర్వాహక వ్యవస్థ అందురు. అది ప్రతి చిప్పుతోను ఆ చిప్పు భాషలో మాటలాడవలెను. ఆ మాటలు నేర్పు చిన్న కార్యక్రమమునకు డ్రైవరని పేరు. లాప్‌టాపు చేయు కంపెనీ విండోసుకు డ్రైవర్లను తానే సమకూర్చి యిచ్చును. లినక్సులో శబ్దము రాలేదని ఫిర్యాదు చేసినచో, 'మేము విండోసుతో అమ్మినాము' అనును. అంతే. పెట్టవద్దని అనదు. కొనవచ్చిన పిల్లలు ఈ భేదమును గుర్తింపవలెను. పూచీ లేకపోవుట వేరు, నిషేధము వేరు.

నిషేధమునకు ఉదాహరణము కావలసినచో ఆపిల్ వారి మాక్ వ్యవస్థ ఉన్నది. మా మేనల్లునికి మొదట దాని మీదనే కన్ను పడినది. ఇతరుల యంత్రములో దానిని ఎక్కించుటకు హాకింటాష్ అని ముద్దుపేరు కూడ ఉన్నది. ఆపిల్ ముద్ర గల యంత్రములో తప్ప దానిని వేయరాదని వారి అనుమతి పత్రములోనే వ్రాసి యున్నది. అమెరికాలో సైస్టార్ అను కంపెనీ ఇట్టి యంత్రములను చేసి అమ్మగా ఆపిల్ వారు దావా వేసి 2009లో గెలిచినారు. 2011లో పై కోర్టు కూడ ఆ తీర్పునే నిలిపినది. న్యాయము మాట అట్లుంచి, ఆటల లాప్‌టాపు కొనువానికి అది గిట్టుబాటు కూడ కాదు. 2018లో వచ్చిన మోజవే కూర్పు నాటినుండి కొత్త ఎన్‌విడియా చిప్పులకు అందులో స్థానము లేదు. అనగా ఎక్కువ ధర పెట్టి కొన్న భాగమే ఆ వ్యవస్థలో నిరుపయోగముగా పడియుండును. 2020లో ఆపిల్ వారు తమ సొంత చిప్పులకు మారనున్నట్లు ప్రకటించినారు. ఇంటెల్ యంత్రములకు 2025 నాటి కూర్పే చివరిదని వారే చెప్పినారు. మూసివేయుచున్న తలుపు వద్ద కాలు పెట్టవద్దని మావానికి చెప్పితిని. వాడు ఒక పూట అలిగి ఒప్పుకొన్నాడు.

మిగిలినది లినక్సు. ఇప్పుడు యంత్రమును ఎట్లు ఎన్నుకొనవలెను?

అన్నిటికంటె ముందు చూడవలసినది బొమ్మలు గీయు చిప్పు. ఆటల లాప్‌టాపులో ఇట్టివి సాధారణముగా రెండుండును. ఇంటిలో రోజువారీ వంట ఇల్లాలు చేయును. పెండ్లి వంటకు వంటమేస్త్రీని పిలుతురు. అట్లే ఉత్తరము వ్రాయుటకు, పుస్తకము చదువుటకు ప్రాసెసరులోనే ఉన్న చిన్న చిప్పు చాలును. ఆట మొదలు పెట్టినప్పుడు పెద్ద చిప్పు లేచును. విండోసులో ఈ పిలుపులు, వీడ్కోళ్లు చాటుగా జరిగిపోవును. లినక్సులో వంటమేస్త్రీ ఒక్కొక్కప్పుడు పెండ్లి అయిన తరువాత కూడ కదలడు. కూర్చున్నచోటనే కూలి తీసికొనుచుండును. బ్యాటరీ రెండు గంటలలో హరించును. కొన్ని యంత్రములలో బయటి తెరకు పోవు తీగ తిన్నగా పెద్ద చిప్పుకే కలిపి యుండును. అట్టిదానిలో తరగతి గదిలోని ప్రొజెక్టరు మీద ఒక అక్షరము చూపవలెనన్నను పెద్ద చిప్పు మేలుకొనవలసినదే. ఏ చిప్పు తెరకు బొమ్మ పంపవలెనో మనమే నిర్ణయించుటకు వీలిచ్చు మక్స్ స్విచ్చి అను ఏర్పాటు కొన్నిటిలో ఉన్నది. కొనునప్పుడు అది ఉన్నదా లేదా అని అడుగుట మేలు.

మన బజారులో ఆటల లాప్‌టాపులలో అధిక భాగము ఎన్‌విడియా చిప్పులవే. ఈ కంపెనీకిని లినక్సువారికిని చాలకాలము సరిపడలేదు. 2012లో ఫిన్లండులోని ఆల్టో విశ్వవిద్యాలయములో ఒక సభలో ఈ ప్రసక్తి రాగా టోర్వాల్డ్స్ పెద్దమనుష్యులు చేయని ఒక సంజ్ఞ చేసి చూపినాడు. ఆ చలనచిత్రము చూడని లినక్సు విద్యార్థి ఉండడు. చిప్పు లోపలి సంగతులు కంపెనీ చెప్పలేదు. ఔత్సాహికులు చిప్పు ప్రవర్తనను పరిశీలించి ఊహించి నూవో అను డ్రైవరును వ్రాసికొన్నారు. నిఘంటువు లేకుండ ఒక భాషను నేర్చి దానికి వ్యాకరణము వ్రాసినట్టి శ్రమ అది. 2022 మే నెలలో ఎన్‌విడియా వారు తమ డ్రైవరులో కెర్నెలుతో కలిసి పని చేయు భాగమును బహిరంగపరచినారు. ట్యూరింగు తరము, అనగా ఆర్‌టీఎక్స్ 20 శ్రేణి, జీటీఎక్స్ 16 శ్రేణి మొదలుకొని తరువాతి చిప్పులకు అది వర్తించును. పాత లాప్‌టాపును చేతులు మార్చి కొను విద్యార్థి ఈ గీటును గుర్తుంచుకొనవలెను. ఏఎమ్‌డీ చిప్పుల డ్రైవర్లు మాత్రము లినక్సులోనే కలిసి వచ్చును. అట్టి ఆటల లాప్‌టాపు తగిన ధరకు దొరికినచో నేను మరియొకటి చూడను. మాకు దొరకలేదు.

ఇంకొక మాట. నిన్న మొన్న విడుదలయిన నమూనాను కొనరాదు. కొత్త చిప్పుకు, కొత్త శబ్ద యంత్రమునకు లినక్సు డ్రైవర్లు కొన్ని నెలలు ఆలస్యముగా వచ్చును. ఒక యేడు పాతబడిన నమూనా అయినచో దారిలోని ముండ్లను ముందు నడచినవారు ఏరివేసి యుందురు. ధర కూడ తగ్గియుండును. వెలుగులు చిమ్ము కీబోర్డు, పంకాల వేగము వంటివాటికి కంపెనీలిచ్చు ప్రత్యేక కార్యక్రమములు లినక్సులో నడవవు. ఏసస్ లాప్‌టాపుల వంటి కొన్నిటికి ఔత్సాహికులే బదులు కార్యక్రమములను వ్రాసి ఉచితముగా ఇచ్చుచున్నారు. మనము కొనదలచిన నమూనాను కొన్నవారు ఎందరు లినక్సు వేసికొన్నారు, ఏమేమి పని చేయలేదన్నారు అను విచారణకే నా వారములో నాలుగు రోజులు గడచినవి. అవి వ్యర్థము కాలేదు. మొదట మావాడు మెచ్చిన యంత్రములో తెర మూసి నిద్రపుచ్చినచో మరల లేవదని ముగ్గురు చెప్పినారు.

వైఫై చిప్పు చిన్నది. ధరలో దాని పాలు స్వల్పము. అయినను అది పని చేయకపోవుటలో ఒక ప్రత్యేకమైన హాస్యము ఉన్నది. దాని డ్రైవరు అంతర్జాలములో దొరకును. అంతర్జాలమునకు పోవుటకు వైఫై కావలెను! పెట్టె తాళపుచెవిని ఆ పెట్టెలోనే పెట్టి తాళము వేసినట్లు. ఇంటెల్ వారి వైఫై చిప్పులకు ఈ చిక్కు తక్కువ. మరియొకటి వచ్చినచో భయపడ నక్కరలేదు. ఆండ్రాయిడు ఫోనును తీగతో లాప్‌టాపుకు కలిపి ఫోను ద్వారా అంతర్జాలము తెచ్చుకొని డ్రైవరు దింపుకొనవచ్చును. ఈ చిట్కా తెలియక ఒక పూర్వ విద్యార్థి లాప్‌టాపును తిరిగి ఇచ్చివేయుటకు రెండు రోజులు తిరిగినాడు.

డిస్కు సంగతి చెప్పవలసి వచ్చినప్పుడు నా కథ చెప్పక తప్పదు. 2009లో నా గదిలోని కంప్యూటరుకు ఒకటే డిస్కు. దానిలో సగము విండోసుకు, సగము లినక్సుకు అని నా సంకల్పము. రాత్రి పదకొండు గంటలయినది. తెర మీద రెండు మార్గములు కనిపించినవి. ఒకటి, ఉన్నదాని ప్రక్కన చేర్చుట. రెండు, డిస్కునంతటిని తుడిచి వేయుట. నిద్రమత్తులో నేను రెండవదానిని ఎన్నితిని. నిజముగా తుడువుమందువా అని అది అడిగినది. అవునంటిని. అందులో పదవ తరగతి ప్రశ్నపత్రములు పండ్రెండేండ్లవి ఉండెను. అవి పోయినను బాధ లేదు. మా నాయనగారు పోవుటకు ముందు రెండు సంవత్సరములు సాయంత్రములందు భాగవతము చదువుచుండగా పట్టిన ధ్వని కూడ అందులో ఉన్నది. మూల కేసెట్లు అప్పటికే బూజు పట్టి పారవేయబడినవి. ఆయన కంఠము ఇప్పుడు నా జ్ఞాపకములో తప్ప మరెక్కడను లేదు. గజేంద్రమోక్షము వద్ద ఆయన దగ్గిన చోటు కూడ నాకు గుర్తున్నది.

కావున మా మేనల్లునికి నేను పెట్టిన షరతు ఒకటే: ఎం.2 అను డిస్కు గాడులు రెండు గల యంత్రము కాక వేరొకటి వలదు. ఆటల లాప్‌టాపులలో ఇట్టివి అరుదు కాదు. పలుచని లాప్‌టాపులలో దొరకుట కష్టము. ఈ ఒక్క విషయములో ఆటల యంత్రమే చదువుకు అనుకూలము. విండోసు తన డిస్కులో తానుండును. లినక్సు తన డిస్కులో తానుండును. ఒరలు రెండయినప్పుడు కత్తులకు కలహమేమి? రెండవ డిస్కు మొదటిదానితో సమానమైన పరిమాణము కాకుండ చూడవలెను. మొదటిది 512 జీబీ, రెండవది ఒక టీబీ అయినచో తెర మీద ఏది ఏదో పొరపడుట ఉండదు. లినక్సు వేయునప్పుడు మొదటి డిస్కును ఊడదీసి బల్ల మీద పెట్టినచో అంతకంటె నిశ్చింత లేదు. స్థాపన కార్యక్రమములు కొన్ని, లినక్సును రెండవ డిస్కులో పెట్టి, దానిని మేలుకొలుపు భాగమును మాత్రము మొదటి డిస్కులో దాచిపెట్టును. ఆ డిస్కు కనబడకున్నచో దాచుటకు చోటుండదు. అడుగు పలక విప్పుటకు ముందు వారంటీ పత్రము చదువవలెను. చేతికి ధైర్యము చాలనిచో విప్పువానికి రెండు మూడు వందలిచ్చుట లోభింపదగినది కాదు.

రెండవ డిస్కు కొనలేనివారి మాట ఏమి? ఉన్న డిస్కునే విభజింపవచ్చును, లక్షలమంది చేయుచున్నారు. విండోసులోనే దాని భాగమును కుదించి ఖాళీ చోటు మిగుల్చుకొని, ముఖ్యమైన వాటిని వేరొక డిస్కులోనికి ఎత్తుకొని, పగటి పూట మొదలు పెట్టవలెను. పగటి పూట అనుటలో నా ఉద్దేశము పాఠకులకు తెలియును. కొన్ని ఇంటెల్ యంత్రములలో డిస్కు ఆర్‌ఎస్‌టీ అను అమరికలో ఉండి లినక్సు స్థాపనకు కనబడదు. దానిని ఏహెచ్‌సీఐ అను అమరికకు మార్చవలసి వచ్చును. ముందు విండోసును అందుకు సిద్ధపరచక మార్చినచో అది మేలుకొనదు.

కొను రోజున నేను కూడ వెంట పోయితిని. చేతిలో ఉబుంటు నింపిన ఒక యూఎస్‌బీ పుల్ల. డిస్కులో ఏమియు వ్రాయకుండ ఈ పుల్ల నుండియే లినక్సును నడిపి చూడవచ్చును. చీర కొనువారు అంచు విప్పి వెలుతురులో చూడరా? మొదటి దుకాణమువాడు పుల్లను చూచి, "వైరస్ వస్తుంది సార్" అని యంత్రమును వెనుకకు లాగికొన్నాడు. రెండవ దుకాణములో యజమాని కుతూహలపరుడు. ప్రక్కన నిలిచి చూచినాడు. వైఫై, శబ్దము, కెమెరా, స్పర్శఫలకము, తెర వెలుగు తగ్గించు మీటలు, మూసి తెరచిన పిమ్మట లేచుట — ఇరువది నిమిషములలో అన్నియు తేలినవి. పెద్ద చిప్పు శక్తి మాత్రము ఈ పరీక్షలో తేలదు. దానికి డ్రైవరు పిమ్మట వేయవలెను. అన్నియు బాగున్నవి. ఎనుబదియేడు వేలకు బేరము కుదిరినది.

దుకాణపు కుర్రవాడు మర్యాదగా యంత్రమును తెరచి, విండోసును మేలుకొలిపి, అంతయు సిద్ధము చేసి యిచ్చినాడు. ఆ మర్యాదయే మా కొంప ముంచినది.

ఇప్పటి విండోసు డిస్కులోని సమస్తమును రహస్య లిపిలోనికి మార్చి తాళము వేయును. బిట్‌లాకరని దాని పేరు. 2024 నాటి కూర్పు నుండి కొత్త యంత్రములలో ఇది చాలవరకు తనంతట తానే జరుగుచున్నది. దొంగ ఎత్తుకొని పోయినను చదువలేడు, మంచిదే. యంత్రపు మూల అమరికలలో మార్పు కనబడినప్పుడు మాత్రము అది అనుమానించి, నలుబది యెనిమిది అంకెల తాళపుచెవి చెప్పుమనును. ఆ అంకెలు, మొట్టమొదట ఏ మైక్రోసాఫ్టు ఖాతాతో యంత్రములోనికి ప్రవేశించినామో ఆ ఖాతాలో భద్రముగా ఉండును. మా మేనల్లుడు ఎవరో చెప్పగా విని, సెక్యూర్ బూట్ అను అమరికను తీసివేసినాడు. విండోసు నీలి తెర వేసి అంకెలడిగినది. వెనుకటి అమరికను మరల పెట్టినచో తరుచుగా ఆ తలుపు తెరచుకొనును. మావాడు కంగారులో మరి రెండు అమరికలు కూడ మార్చి, ఏవి మార్చినాడో మరచిపోయినాడు. వాని ఖాతాలో చూడగా అంకెలు లేవు.

అంతకు ముందు మూడు వారములుగా నలుగురు విద్యార్థులు కలిసి చేసిన ప్రాజెక్టు నివేదిక ఆ డిస్కులో ఉన్నది. గడువు సోమవారము. శుక్రవారము రాత్రి వాడు నా యింటికి వచ్చి కూర్చున్నాడు. భోజనము చేయలేదు. "నాన్నకు చెప్పకు మామయ్యా" అని మాత్రము అన్నాడు. తాళపుచెవి ఎక్కడ ఉన్నదో ఆ రాత్రి నాకు తట్టలేదు. తెల్లవారిన పిమ్మట తట్టినది. ఆ మర్యాదస్థుడైన కుర్రవాడు యంత్రమును మేలుకొలిపినది ఏ ఖాతాతో? దుకాణపు ఖాతాతోనే! శనివారము పదకొండు గంటలకు దుకాణము తెరువగానే పోయి కూర్చుంటిమి. కుర్రవాడు సెలవులో ఉన్నాడు. యజమానికి ఆ ఖాతా రహస్యపదము తెలియదు. సాయంత్రము ఆరు గంటలకు కుర్రవాడు ఫోనెత్తినాడు. ఆ ఖాతాలో అమ్ముడుపోయిన లాప్‌టాపులు ఎన్నో వరుసగా ఉన్నవి. వాటిలో మాది వెదకి అంకెలు వ్రాసికొని వచ్చితిమి. నలుబది యెనిమిది అంకెలను మా మేనల్లుడు చదువగా, నేను కొట్టితిని. తలుపు తెరచుకొన్నది.

కావున యంత్రమును కొన్నవారు దానిని తామే, తమ ఖాతాతోనే మేలుకొలుపవలెను. ఆ అంకెలను కాగితము మీద వ్రాసి, ఇంటి పట్టాలున్న పెట్టెలో పెట్టవలెను. లినక్సు జోలికి పోనివారికి కూడ ఇది వర్తించును.

సెక్యూర్ బూట్‌ను తీసివేయవలసిన అవసరమే మావానికి లేదు. మేలుకొను వ్యవస్థ మీద అధీకృతమైన ముద్ర ఉన్నదా అని పరీక్షించు ఏర్పాటది. ఉబుంటు, ఫెడోరా వంటి ప్రసిద్ధ లినక్సు కూర్పులు ఆ ముద్రతోనే వచ్చును. ఎన్‌విడియా డ్రైవరు వేయునప్పుడు కొన్ని సందర్భములలో మన సొంత ముద్రను యంత్రమునకు పరిచయము చేయవలసి వచ్చును. తరువాతి సారి మేలుకొనునప్పుడు నీలి తెర మీద ఒక రహస్యపదము అడుగును; దానిని చూచి బెదరి దాటవేసినవారు డ్రైవరు పని చేయలేదని వాపోవుదురు. ఈ పరీక్షను తీసివేయకుండుటకు ఆటలవైపు నుండి కూడ ఒక కారణమున్నది. వాలొరాంటు వంటి ఆటలలో మోసము చేయువారిని పట్టుటకు కాపలా కార్యక్రమము ఉండును. విండోసు 11లో అది సెక్యూర్ బూట్ ఉండి తీరవలెననును.

అసలు రెండు వ్యవస్థలెందుకు, లినక్సులోనే ఆడరాదా అని అడుగువారున్నారు. న్యాయమైన ప్రశ్న. 1993లో మొదలయిన వైన్ అను ప్రయత్నము విండోసు కార్యక్రమములను లినక్సులో నడుపుటకు పుట్టినది. దాని మీద కట్టిన ప్రోటానును వాల్వ్ కంపెనీ 2018లో తెచ్చినది. 2022లో ఆ కంపెనీయే స్టీమ్ డెక్ అను చేతియాట యంత్రమును లినక్సు మీద నడుచునట్లు చేసి అమ్మినది. నేడు ఒంటరిగా ఆడు ఆటలు చాలవరకు లినక్సులో ఆడవచ్చును. పదిమందితో కలిసి పోటీగా ఆడువాటితోనే చిక్కు. వాలొరాంటు, ఫోర్ట్‌నైటు లినక్సును గడప దాటనీయవు. ఏపెక్స్ లెజెండ్స్ కొంతకాలము రానిచ్చి 2024లో వెళ్లగొట్టినది. మావాడు స్నేహితులతో ఆడునవి ఇట్టివే. కావున విండోసు ఉండక తప్పలేదు. దీనివలన అనుకోని లాభము ఒకటి కలిగినదని వాడే చెప్పినాడు. చదువుకొనునప్పుడు ఆట గుర్తుకు వచ్చినచో యంత్రమును ఆపి మరల మేలుకొలుపవలెను. ఆ నిమిషములో సగముసార్లు మనస్సు మారునట. సగముసార్లు మారదు.

ఉపాధ్యాయ సోదరులకు ఒక ప్రక్కమాట. 2025 అక్టోబరు 14వ తేదీతో విండోసు 10కి మైక్రోసాఫ్టువారి సాధారణ రక్షణ ముగిసినది. విండోసు 11కు పాత చిప్పులు పనికిరావని వారన్నారు. బడిలోని పాత కంప్యూటర్లు ఎన్నియో ఆ గీటుకు అవతలనే ఉన్నవి. వాటిని తూకమునకు వేయుటకు ముందు లినక్సు పుల్లను ఒకసారి గుచ్చి చూడుడు. కేరళ ప్రభుత్వ పాఠశాలలలో కంప్యూటరు చదువు ఏండ్ల తరబడి లినక్సు మీదనే సాగుచున్నది. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవారు తెలుగులో లినక్సును సిద్ధము చేయుటకు పాటుపడినారు. తెలుగు వ్రాయుటకు అందులో వేరుగా ఏదియు కొన నక్కరలేదు. అమరికలలో తెలుగు మీటల వరుసను ఎన్నుకొనిన చాలును.

విండోసులో ఫాస్ట్ స్టార్టప్ అనునదొకటి ఉన్నది, దానిని తీసివేయవలెను. మనము ఆపివేసితిమనుకొన్నను విండోసు నిజముగా ఆగక అరనిద్రలో ఉండును. అప్పుడు లినక్సు ఆ డిస్కును చదువుటకే ఒప్పుకొనును గాని అందులో వ్రాయుటకు ఒప్పుకొనదు.

దసరా సెలవులకు పిల్లవాడు యంత్రముతో ఇంటికి పోయినాడు. ఒకనాటి ఉదయము బావగారి ఫోను.

"బావగారూ, ఎనభై ఏడు వేల యంత్రానికి గడియారం సరిగా నడవదా? మా గోడ గడియారం పది కొడుతుంటే వీడి దాంట్లో తెల్లవారుజాము నాలుగున్నర! రాత్రి ఆ రెండోదాంట్లో ఉన్నప్పుడు బాగానే ఉంది. ఇప్పుడు విండోసులోకి రాగానే వెనక్కి పోయింది."

"ఎంత వెనక్కి?" అని అడిగితిని.

"అయిదున్నర గంటలు," అని ఆగినారు. కొంతసేపు ఫోనులో మాట లేదు. "అయిదున్నర... ఉండండి. అంటే అది గ్రీనిచ్ టైమా?"

అదియే. యంత్రములోని మూల గడియారమును లినక్సు ప్రపంచ సమయములో నడుపును. దానినే విండోసు స్థానిక సమయముగా చదువును. ఏదో ఒకదానిని రెండవదాని పద్ధతికి తెచ్చుటకు ఒక వరుస ఆజ్ఞ చాలును. మావాడు దానిని అప్పుడే కొట్టబోయినాడట.

"ఆగరా," అన్నారు బావగారు లోపలికి తిరిగి. "సెలవులు కాగానే తొమ్మిదో తరగతికి రేఖాంశాలు చెప్పాలి. ఎనభై రెండున్నర డిగ్రీలు, డిగ్రీకి నాలుగు నిమిషాలు, మూడు వందల ముప్పై నిమిషాలు. ఆ రేఖ మన తుని దగ్గరగానే పోతుంది. అట్లాగే ఉంచు, దాన్ని బడికి తీసుకుపోతాను."